‘డు యు డ్రింక్?’ అంటే టీ గురించి కాదు

మీ ప్రశ్న చదివి మొదట నవ్వు వచ్చింది, వెంటనే మీ తమ్ముడి మీద జాలి కలిగింది. కొత్త ఉద్యోగంలో చేరిన వారానికే, అమెరికా నుంచి వచ్చిన పై అధికారి భోజనాల బల్ల దగ్గర పలకరింపుగా ‘డు యు డ్రింక్?’ అని అడిగారు. టీ సంగతి అనుకుని అతడు రోజుకు మూడుసార్లు అని ఉత్సాహంగా జవాబిచ్చాడు. బల్ల చుట్టూ నవ్వులు. డ్రింక్ అంటే తాగడమే కదా, మద్యం అని ఎక్కడ రాసి ఉంది అని మీరు అడుగుతున్నారు. పనిలో పనిగా డ్ర్యాంక్, డ్రంక్, డ్రంకెన్ ఎక్కడెక్కడ వాడాలో కూడా చెప్పమన్నారు.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ఇంగ్లీషు చెప్పి పదవీ విరమణ చేశాను. ఈ ఒక్క మాట మీద పిల్లలు చేసిన పొరపాట్లు రాసిపెట్టుకుని ఉంటే ఈపాటికి చిన్న పుస్తకం అయ్యేది. అందువల్ల జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది, కాఫీ పెట్టుకుని కూర్చోండి.

ముందు మీ తమ్ముడి సంగతి. ఇంగ్లీషులో డ్రింక్ సకర్మకంగానూ నడుస్తుంది, అకర్మకంగానూ నడుస్తుంది. పాలు, నీళ్లు, కాఫీ అంటూ పక్కన కర్మ ఉంటే అది మామూలు తాగడం. కర్మ లేకుండా ఒంటరిగా నిలబడిందంటే, ముఖ్యంగా అలవాటును చెప్పే వర్తమానంలో, అది మద్యం తాగడం. ‘షి డ్రింక్స్ మిల్క్’ అంటే ఆవిడ పాలు తాగుతుంది. చివరి మాట కొట్టేసి ‘షి డ్రింక్స్’ అన్నారంటే ఆవిడకు మందు అలవాటు అంటగట్టినట్టే. మంచి నిఘంటువు ఏది తెరిచినా ఈ అర్థానికి విడిగా అంకె వేసి ఉంటుంది. ఎక్కడ రాసి ఉంది అన్నదానికి అదే జవాబు.

నిజానికి ఈ సూత్రం మీ తమ్ముడికి తెలియనిదేమీ కాదు. మన ‘తాగు’ కూడా అచ్చం ఇలాగే ప్రవర్తిస్తుంది. పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు మధ్యవర్తిని పక్కకు పిలిచి ‘అబ్బాయి తాగుతాడా?’ అని గుసగుసగా అడుగుతారు. ‘తాగుతాడండీ, మజ్జిగ లేనిదే ముద్ద దిగదు’ అని ఏ మధ్యవర్తీ అనడు. తాగుడు, తాగుబోతు అనే మాటల్లో కల్లు పేరు లేదు, సారా పేరు లేదు. అయినా వాసన గుప్పున కొడుతుంది. మీ తమ్ముడిని ఎవరైనా తెలుగులో ‘నువ్వు తాగుతావా?’ అని అడిగి ఉంటే తడుముకోకుండా సరైన జవాబే చెప్పేవాడు. ఇంగ్లీషు చెవిన పడగానే సొంత భాష నేర్పిన తెలివిని చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచేస్తాం. అతడికి జరిగింది అదే.

అయితే సందర్భం మారితే ఈ అర్థం కాస్త జరుగుతుంది. ‘తాగావా?’ అన్న మాటనే తీసుకోండి. ఎదురుగా కాఫీ గ్లాసు పెట్టి అమ్మ అడిగితే కాఫీ. రాత్రి పదకొండు గంటలకు తలుపు తీస్తూ అదే అమ్మ అడిగితే సంగతి వేరు. ఇంగ్లీషులోనూ అంతే. ఎదురుగా ఉన్న వస్తువు, అడిగే మనిషి, వేళ కలిసి ఆ ఖాళీ చోటును పూరిస్తాయి. ‘సంథింగ్’ అన్న చిన్న మాట చేరితే మద్యం వాసన చాలావరకు పోతుంది. హోటల్లో వడ్డించేవారు ‘సంథింగ్ టు డ్రింక్?’ అంటే మంచినీళ్లు అని నిశ్చింతగా చెప్పవచ్చు. బారులో పరిచయస్తుడు ‘వాట్ ఆర్ యు డ్రింకింగ్?’ అంటే మాత్రం చాలాసార్లు అది ఆరా తీయడం కాదు. నీకు కావలసింది నేను ఇప్పిస్తాను, చెప్పు అని.

నామవాచకం కూడా ఈ దారినే నడుస్తుంది. ‘ఎ డ్రింక్ ఆఫ్ వాటర్’ అంటే గుక్కెడు నీళ్లు. వెనక ఆ తోక లేకుండా ‘లెట్స్ హావ్ ఎ డ్రింక్’ అంటే బీరో విస్కీనో. సాయంత్రం ‘డ్రింక్స్’కు రమ్మని ఆఫీసువాళ్లు పిలిచారంటే అక్కడ మద్యం ఉంటుందని అర్థం. మనమూ తాగి తీరాలని కాదు. వెళ్లి నారింజ రసం చేతిలో పట్టుకుని గంటసేపు కబుర్లు చెప్పి రావచ్చు. ‘ఫుడ్ అండ్ డ్రింక్’ అన్నప్పుడు అన్నపానాలు అనే విశాలమైన అర్థం తిరిగి వస్తుంది. అదే ‘హి టుక్ టు డ్రింక్’ అంటే తాగుడుకు బానిసయ్యాడని. ఒకే మాట, తోడు దొరికినప్పుడు పెద్దమనిషి, ఒంటరిగా దొరికితే సారా దుకాణం దగ్గర తేలుతుంది.

ఇందుకు నేను కళ్లారా చూసిన ఉదాహరణ ఒకటుంది. ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఊరి పెద్దలు పై అధికారులకు ఇవ్వవలసిన అర్జీని ఎవరి చేతనో ఇంగ్లీషులో రాయించుకుని, తప్పులుంటే దిద్దమని నా దగ్గరకు తెచ్చారు. అందులో సారాంశం ఇది: మా ఊళ్లో మూడేళ్లుగా తీవ్రమైన డ్రింకింగ్ ప్రాబ్లమ్ ఉంది, ఆడవాళ్లు, పిల్లలు కూడా దీనివల్ల అవస్థ పడుతున్నారు, ప్రభుత్వం దయతలచి వెంటనే ట్యాంకర్లతో సరఫరా చేయించాలి. తాగునీటి ఎద్దడిలో ‘వాటర్’ అన్న ఒక్క మాట జారిపోయింది. మిగిలింది ఊరంతటి తాగుడు సమస్య, దానికి విరుగుడుగా మరిన్ని ట్యాంకర్లు! విడమరిచి చెప్పాక పెద్దాయన ఒకరు నవ్వు ఆపుకోలేక ‘అది కూడా ఉందిలెండి మాస్టారూ, దానికి వేరే అర్జీ పెడతాం’ అన్నారు.

‘డ్రింకింగ్ వాటర్’లో వ్యాకరణం కూడా సరదాగా ఉంటుంది. నీళ్లు తాగవు కదా, మరి డ్రింకింగ్ అని ఎందుకు అంటారని ఏటా ఒక్క కుర్రాడైనా అడిగేవాడు. ‘డ్రింకింగ్ మ్యాన్’ అంటే తాగే మనిషి. ‘డ్రింకింగ్ వాటర్’ అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లు. రూపం ఒకటే, సంబంధం వేరు. తెలుగులో తాగే మనిషి అంటాం, తాగే నీళ్లు అంటాం. అక్కడా రూపం ఒకటే. మనిషి తాగుతాడని, నీళ్లను తాగుతారని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ పోలిక ఎత్తి చూపగానే తరగతిలో సగం ముఖాలు వెలిగేవి. పత్రికలవారు తాగునీరు, సాగునీరు అని ప్రాస కుదిర్చి రాస్తారు. ఇళ్లలో మాత్రం మంచినీళ్లు అనే అంటాం. ఉప్పునీళ్లు, చప్పిడి నీళ్లు, బోరు నీళ్లు ఎన్ని ఉన్నా తాగేవాటికే ‘మంచి’ అని పేరు పెట్టుకున్న భాష మనది. పక్కమాటగా ఇంకొకటి: ఇంటికి 20 లీటర్ల క్యానులో వచ్చే నీళ్లను మినరల్ వాటర్ అనడం అలవాటైపోయింది గానీ, ప్రమాణాల లెక్కలో ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్ వేరు, నేచురల్ మినరల్ వాటర్ వేరు. మొదటిదానికి భారతీయ ప్రమాణం సంఖ్య 14543, రెండోదానికి 13428.

చట్టం రాసేవాళ్లకు ఈ గజిబిజి బాగా తెలుసు. మన రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధం గురించి చెప్పేటప్పుడు ఉత్త డ్రింక్స్ అనదు, ‘ఇన్‌టాక్సికేటింగ్ డ్రింక్స్’ అంటుంది. మత్తు కలిగించే అన్న విశేషణం లేకపోతే పానకం, మజ్జిగ కూడా నిషేధం కిందికి వచ్చేవేమో! దీనికి తలకిందులైన వింత మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. బెవరేజ్ అన్న మాటకు నిఘంటువులో టీ, కాఫీ, పళ్లరసం అన్నీ వస్తాయి. ఇక్కడ ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ చేసేది మాత్రం మద్యం వ్యాపారం. మర్యాద కోసం ఎంత పెద్దమనిషి మాటను తెచ్చి పెట్టినా కొన్నాళ్లకు దానికీ ఆ వాసన పట్టేస్తుంది. తెలుగులో మందు అన్న మాటకు పట్టిన గతి కూడా అదే కదా.

ఇక డ్ర్యాంక్, డ్రంక్, డ్రంకెన్. పాఠం చెప్పినంత సేపు అందరికీ వస్తాయి, పరీక్షలో సగం మంది తప్పు రాస్తారు. డ్ర్యాంక్ భూతకాలం, తాగాడు. డ్రంక్ భూత కృదంతం, హావ్, హాజ్, హ్యాడ్ పక్కన వస్తుంది. సింగ్ కూడా ఇదే వరస: సింగ్, స్యాంగ్, సంగ్. రింగ్, ర్యాంగ్, రంగ్. సింక్, స్యాంక్, సంక్. ఇ, యా, అ అన్న వరస చెవిలో పడితే బట్టీ పట్టే పని ఉండదు. థింక్, బ్రింగ్ ఈ గుంపులో చేరవు, అవి థాట్, బ్రాట్ అవుతాయి. థింక్‌కు థ్యాంక్ అని రాసినవాళ్లూ నాకు తెలుసు.

ఈ రూపాల్లో తడబాటు మనకు మాత్రమే కాదు. ‘ఐ హావ్ డ్ర్యాంక్’ అని ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్నవాళ్లు కూడా అంటుంటారు. దాని వెనక పాత చరిత్ర ఉంది. పాత ఇంగ్లీషులో భూతకాలానికే రెండు రూపాలుండేవి. నేను తాగాను అనడానికి డ్రాంక్, మేము తాగాము అనడానికి డ్రున్‌కన్. కృదంతం డ్రున్‌కెన్. వచన భేదం పోయాక ఏది దేనికో చాలాకాలం కుదుటపడలేదు. పైగా డ్రంక్ అన్న మాటకు మత్తెక్కిన అన్న అర్థం బలపడటంతో, 17 నుంచి 19వ శతాబ్దం వరకు చదువుకున్నవాళ్లు కూడా చాలామంది ‘హావ్ డ్ర్యాంక్’ అనే రాసేవారు. నేను టీ తాగాను అని చెప్పబోయి నేను తాగి ఉన్నాను అన్నట్టు వినిపిస్తుందేమోనన్న బిడియం అందుకు కొంత కారణమని చెబుతారు. ఇప్పుడు ప్రామాణిక ఇంగ్లీషులో ‘హావ్ డ్రంక్’ ఒక్కటే ఒప్పు. మార్కులు కావాలంటే అదే రాయాలి.

ఆ బిడియం ఎలాంటిదో మన వ్యాకరణ గైడ్లు చూస్తే అర్థమవుతుంది. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌ను తెలుగులో ‘తిని ఉన్నాను’, ‘వ్రాసి ఉన్నాను’, ‘చూచి ఉన్నాను’ అని నేర్పే పద్ధతి ఒకటి ఎప్పటినుంచో ఉంది. అలా ఎవరూ మాట్లాడరు, అయినా పుస్తకాల్లో కొనసాగుతోంది. ఒకసారి ఆ వరసలో డ్రింక్ వచ్చింది. ముందు బెంచీ కుర్రాడు లేచి నిలబడి, చక్కగా చేతులు కట్టుకుని, ‘నేను తాగి ఉన్నాను’ అని అప్పజెప్పాడు. ఆ తర్వాత తరగతిని సద్దుమణిగించడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఆ రోజు నుంచి ‘హావ్ డ్రంక్’కు తాగాను, తాగేశాను అని, ‘యామ్ డ్రంక్’కు తాగి ఉన్నాను అని విడదీసి చెప్పడం మొదలుపెట్టాను. హావ్ వస్తే పని, యామ్ వస్తే స్థితి. అంతకన్నా పెద్ద సూత్రం అక్కర్లేదు.

తాగిన మనిషి, తాగిన నీళ్లు అన్న జంట కూడా గమనించండి. తాగిన నీళ్లలో నీళ్లు లోపలికి పోయాయి. తాగిన మనిషిలో మనిషి ఎక్కడికీ పోలేదు, అతడి తెలివే పోయింది. ఇంగ్లీషు డ్రంక్‌లోనూ ఇదే మెలిక.

డ్రంకెన్ అనేది ఆ పాత కృదంతపు తోకే. క్రియగా పని మానేసి విశేషణంగా మిగిలింది. అలవాటుగా చెప్పే నియమం ఏమిటంటే, నామవాచకానికి ముందు డ్రంకెన్, క్రియ తర్వాత డ్రంక్. ‘ఎ డ్రంకెన్ బ్రాల్’ అంటే తాగి చేసిన గొడవ. ‘హి వాజ్ డ్రంక్’ అంటే తాగి ఉన్నాడు. ‘హి వాజ్ డ్రంకెన్’ అనకండి. తాగుబోతును డ్రంకర్డ్ అనవచ్చు, ‘ఎ డ్రంక్’ అని ఈసడింపుగానూ అంటారు. డ్రింకర్ అన్న మాటలో ఆ ఈసడింపు లేదు. ముందు టీ చేరిస్తే టీ ప్రియుడు, హెవీ చేరిస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

వాహనం నడిపేటప్పుడు మాత్రం ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. అమెరికాలో డ్రంక్ డ్రైవింగ్, బ్రిటన్‌లో డ్రింక్ డ్రైవింగ్, మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ శీర్షికలో ‘డ్రంకెన్ పర్సన్’. వీటన్నిటినీ కాదని మనవాళ్లు ‘డ్రంక్ అండ్ డ్రైవ్’ను పట్టుకున్నారు. విశేషణానికి, క్రియకు ‘అండ్’తో ముడి వేసి దాన్ని నామవాచకం చేసేశాం. డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు, డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడు, డ్రంక్ అండ్ డ్రైవ్ పెట్టారు. ‘డోంట్ డ్రింక్ అండ్ డ్రైవ్’ అన్న హెచ్చరిక బోర్డు నుంచి ఇది పుట్టి ఉంటుందని నా ఊహ. ఇంగ్లీషు పరీక్షలో రాస్తే తప్పు వేస్తాను, తెలుగు వార్తలో చదివితే ఒప్పుకుంటాను, ఎందుకంటే ఇప్పుడది తెలుగు మాట. చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉండటం మంచిది. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

తాగు, డ్రింక్ ఇంత దగ్గర చుట్టాలైతే మనవాళ్లు తప్పులెందుకు చేస్తారు? అవి విడిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి, కాలు జారేది అక్కడే. అన్నిటికన్నా పెద్దది పొగ. బస్టాండు గోడ మీద ‘పొగ త్రాగరాదు’ అని చదువుతూ పెరిగిన పిల్లవాడు ‘హి డ్రింక్స్ సిగరెట్’ అని రాస్తే నేను ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి. తర్వాత తెలిసింది, 17వ శతాబ్దపు తొలినాళ్లలో ఇంగ్లండువాళ్లు కూడా పొగాకును ‘డ్రింక్’ చేసేవారు! పొగాకు కొత్తగా వచ్చినప్పుడు పొగ పీల్చే పనికి సొంత క్రియ లేదు, దగ్గరలో ఉన్న డ్రింక్‌నే వాడుకున్నారు. స్మోక్ వచ్చి దాన్ని తోసేసింది. మనం చుట్ట కాలుస్తాం, బీడీ తాగుతాం, రెండూ అంటాం. ఆ పిల్లవాడు నాలుగు వందల ఏళ్లు ఆలస్యంగా పుట్టాడంతే.

మందు మరొకటి. దగ్గు మందు తాగుతాం, ఇంగ్లీషులో ‘టేక్’ చేస్తారు. సూపు మనకు తాగేది, వాళ్లకు గిన్నెలో పోసి చెంచాతో ఇస్తే తినేది, కప్పులో ఇస్తే తాగేది. చంటిపిల్ల తల్లి దగ్గర పాలు తాగుతుంటే డ్రింక్ అనరు, నర్స్ అంటారు. అతిథిని ‘విల్ యు డ్రింక్ కాఫీ?’ అని అడగడం తప్పు కాకపోయినా మొరటుగా ఉంటుంది. కాఫీ పుచ్చుకుంటారా, తీసుకుంటారా అని మన ఇళ్లలో ఎందుకంటామో, వాళ్లు ‘వుడ్ యు లైక్ సమ్ కాఫీ?’ అనేది కూడా అందుకే. తాగడం అన్న మాటను నేరుగా ముఖాన కొట్టకుండా దాటవేసే మర్యాద రెండు చోట్లా ఉంది.

పలుకుబళ్లను మాటకు మాట మార్చడం మరీ ప్రమాదం. వాడు నా రక్తం తాగుతున్నాడు అన్నదాన్ని డ్రింక్‌తో చెబితే వినేవాడు పిశాచాల కథ అనుకుంటాడు. మూడు చెరువుల నీళ్లు తాగించాడు అన్నదానికి ఇంగ్లీషులో నీళ్లూ లేవు, చెరువులూ లేవు. ముప్పుతిప్పలు పెట్టాడన్న భావం ఒక్కటే చెప్పుకోవాలి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్లు, అంబలి తాగేవాడికి మీసాలు ఎత్తేవాడొకడు, కల్లు తాగిన కోతి, ఇవన్నీ ఇంటి సరుకు. అటువైపు చేప ఉంది: ‘డ్రింక్ లైక్ ఎ ఫిష్’ అంటే పీకలదాకా తాగడం. గుర్రం ఉంది: నీళ్ల దాకా తీసుకుపోగలం గానీ తాగించలేం అన్న సామెత 12వ శతాబ్దం నాటికే ఇంగ్లీషు రాతల్లో కనిపిస్తుంది. సముద్రమూ ఉంది: రెండో ప్రపంచయుద్ధంలో విమాన చోదకులు సముద్రాన్ని ‘ద డ్రింక్’ అనేవారు, విమానం అందులో పడిందంటే ఎంత తాగాలో చూడండి. ‘డ్రింక్ ఇన్’ అంటే కళ్లతోనో చెవులతోనో జుర్రుకోవడం. ‘డ్రింక్ టు’ అంటే ఒకరి పేరు చెప్పి గ్లాసు ఎత్తడం. ఎత్తి తాగడానికి, అంటే ఎంగిలి కాకుండా చెంబు పెదవికి తగలకుండా పోసుకోవడానికి మాత్రం నిఘంటువుల్లో ఒక్క ముక్కలో సరైన మాట నాకు దొరకలేదు. ఎంగిలి అన్న భావమే లేనిచోట ఆ మాట ఎందుకు పుడుతుంది?

ఆఫీసుల్లో వినిపించేది ఇంకొకటుంది, మీ తమ్ముడికి ఇది తప్పకుండా ఎదురవుతుంది. ఎవరైనా కంపెనీ చెప్పిందల్లా గుడ్డిగా నమ్మితే ‘డ్ర్యాంక్ ద కూల్‌ఎయిడ్’ అంటారు. కూల్‌ఎయిడ్ అంటే నీళ్లలో కలుపుకునే తీపి పొడి, 1927లో అమెరికాలోని నెబ్రాస్కాలో పుట్టింది. పలుకుబడి వెనక ఉన్నది వేరు. గయానాలోని జోన్స్‌టౌన్‌లో 1978 నవంబర్ 18న జిమ్ జోన్స్ అనే మతనాయకుడు తన అనుచరుల చేత విషం కలిపిన తీపి నీళ్లు తాగించాడు. ఆ రోజు 900 మందికి పైగా చనిపోయారు, వారిలో దాదాపు మూడోవంతు పిల్లలు. అక్కడ ఎక్కువగా వాడింది కూల్‌ఎయిడ్ కూడా కాదు, ఫ్లేవర్ ఎయిడ్ అనే మరో పొడి. అర్థం తెలుసుకుని ఉండమనండి, నోట మాత్రం రానివ్వవద్దనండి. పసిపిల్లల చావు మీద పుట్టిన పరిహాసం అది. అమెరికాలో కూడా విని నొచ్చుకునేవాళ్లున్నారు.

కుతూహలం ఉంటే కొంచెం పుట్టుపూర్వోత్తరాలు. జర్మన్ ట్రింకెన్, డచ్ డ్రింకెన్ దీని తోబుట్టువులు. ఆ కుటుంబం దాటి బయట నిక్కచ్చిగా చుట్టమని చెప్పదగిన మాట దొరకదు. లాటిన్ బిబెరె, సంస్కృత పిబతి ఒక వేరు నుంచి వచ్చాయి, ఇంగ్లీషు బెవరేజ్ ఆ లాటిన్ కొమ్మదే. లాటిన్‌లో తాగే మందు అన్న అర్థమున్న ఒకే మాట నుంచి పోషన్, పాయిజన్ రెండూ పుట్టాయి. అంటే కషాయమూ విషమూ కవలలు. మన సంస్కృత వైపు పానకం, పానీయం మాత్రమే కాదు, పాత్ర అన్న మాట కూడా ఆ ‘పా’ ధాతువుదే. పాదాలతో తాగేది కాబట్టి చెట్టు పాదపం. తొండంతో ఒకసారి, నోటితో ఒకసారి తాగుతుంది కాబట్టి ఏనుగు ద్విపం. తేనె తాగే తుమ్మెద మధుపం. డ్రింక్‌కు ప్రేరణార్థక రూపం, అంటే తాగించు, డ్రెంచ్. మామూలు వాడుకలో అది ముద్దముద్దగా తడపడం అయిపోయింది గానీ, పశువైద్యంలో ఇప్పటికీ పాత అర్థమే ఉంది. వెదురు గొట్టంతో గేదెకు మందు పోయడం మీరు చూసి ఉంటే, అదే డ్రెంచింగ్.

కూల్‌డ్రింక్ అని మనం అనేది మనదే. దక్షిణాఫ్రికాలోనూ అంటారు. అమెరికాలో అడిగితే చల్లగా ఉన్నది ఏదో ఒకటి ఇస్తారు. అక్కడ సోడా అనాలి, కొన్ని ప్రాంతాల్లో పాప్ అనాలి, పుస్తకాల ఇంగ్లీషులో సాఫ్ట్ డ్రింక్ అనాలి. ఆ ‘సాఫ్ట్’ అన్నది మద్యానికి ఎదురుగా పెట్టుకున్న మాట. చూశారా, చివరికి శీతల పానీయానికి కూడా నాలో మద్యం లేదు అని విడిగా చెప్పుకోవలసిన పరిస్థితి. హెల్త్ డ్రింక్ అయితే ఇంకా చిత్రం. మన ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో ఆ పేరుకు నిర్వచనమే లేదని, ఆ విభాగం కింద పాలలో కలుపుకునే పొడులను అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అమ్మకందారులకు కేంద్రం చెప్పింది. అంతకుముందు ఎన్నేళ్లు పిల్లలకు ఆ పేరు చెప్పి తాగించామో!

చివరగా ఒక జాగ్రత్త. అమెరికాలో డాక్టరు దగ్గరో, బీమా కాగితంలోనో ‘వారానికి ఎన్ని డ్రింక్స్?’ అన్న గడి ఉంటుంది. అక్కడ డ్రింక్ అంటే గ్లాసు కాదు, కొలత. 14 గ్రాముల ఆల్కహాలు ఉంటే ఒక డ్రింక్. మామూలు బీరైతే 355 మిల్లీలీటర్లు, వైనైతే సుమారు 150, విస్కీ లాంటివైతే సుమారు 44. మన దగ్గర దొరికే విస్కీలో ఆల్కహాలు సాధారణంగా 42.8 శాతం ఉంటుంది కాబట్టి 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు వాళ్ల లెక్కలో దాదాపు ఒకటిన్నర డ్రింక్. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు సీసా రెండింటికి దగ్గర. క్వార్టరు అంటే నాలుగు దాటిపోతుంది. మీ తమ్ముడికి ఆ అలవాటు లేదన్నారు కాబట్టి ఆ గడిలో సున్నా వేయమనండి. రోజుకు మూడు టీలు వారానికి 21 అని మాత్రం రాయవద్దనండి.